పదునుకు పెట్టిన గుళికలు

రాక్కమ్మాళ్ చేతికి ఏది దొరికినా రెండు బొటనవేళ్ళకు చుట్టి లాగి చూస్తుంది. పూలు కట్టిన దారం, కొంగు చివర వేలాడే పోగు, సంత సంచి పిడి, చివరికి దువ్వెనకు చిక్కిన తన నెరిసిన వెంట్రుక. లాగుతుంది, కాస్త ఆగుతుంది, మళ్ళీ లాగుతుంది. తెగేటప్పుడు వచ్చే చప్పుడు వినడానికి తల ఓ పక్కకు వంచుతుంది. రాజపాళయం పాత బస్టాండు దగ్గర మల్లెపూలు అమ్మే పాండీశ్వరి ఆమె వస్తుంటేనే బుట్ట మీద తడిగుడ్డ కప్పేస్తుంది.

"అక్కా, నీ నూలు పరీచ్చ వేరే యాడైనా పెట్టుకో. పొద్దునే నా దండలు తెంచొద్దు."

"తెగే దారంతో కట్టి నన్ను అంటావేందే? నీ దారానికి ఈరం చాల్లేదు. కొంజం తడిపి కట్టు, గుర్రాన్ని కట్టినా తెగదు."

"గుర్రం మల్లెపూలు పెట్టుకోదక్కా."

నవ్వులాటకు అన్నా, రాక్కమ్మాళ్ చెప్పింది నిజం. పత్తికి ఆ గుణం ఉంది. తడిస్తే బలపడుతుంది. ఉన్నికి లేదు, పట్టుకు లేదు. అవి తడిస్తే సడలిపోతాయి. ఆవిరి ఓడలు రాకముందు, ఓడల మీద తెరచాపలు కట్టిన రోజుల్లో, గాలి తీవ్రమైతే నావికులు నూలు తెరచాపల మీద సముద్రపు నీళ్ళు చిమ్మేవారని పాత ప్రయాణ గ్రంథాల్లో కనబడుతుంది. రాక్కమ్మాళ్ ఆ పుస్తకాలు చదవలేదు. సముద్రం కూడా తిరుచెందూరులో ఒకసారి చూసింది, అంతే. ఆమెకు ఈ సంగతి మిల్లు నేర్పింది.

పావడా వేసుకునే వయసులో మిల్లుకు పోయింది. అక్కడ ఆమె పని పేరు సైడర్. వరసగా తిరిగే కదుళ్ళ పక్కన నడుస్తూ, ఎక్కడ పోగు తెగితే అక్కడ వేలికొసతో అతకాలి, యంత్రం ఆగదు. పొద్దంతా నడకే. ఇంట్లో అన్నం ఉడికేదాకా కూడా కూర్చోలేక పొయ్యి చుట్టూ తిరిగేదని భర్త రామర్ ఎగతాళి చేసేవాడు. అతను పోయి చాలా ఏళ్ళయింది. ఆ నడక మాత్రం పోలేదు.

బయట ఊరు ఎండకు మాడుతుంటే, మిల్లు లోపల కప్పు గొట్టాల్లోంచి సన్నటి తుంపర దిగేది. గాలి పొడిబారిందంటే పోగులు పటపటా తెగుతాయి, దూది లేచి కళ్ళల్లో పడుతుంది, నూలు ఒంటికి అంటుకుని చురుక్కుమంటుంది. తుంపర యంత్రం ఆగిన రోజు మేస్త్రి కేక ఒకటే: "నీళ్ళు! తరలో నీళ్ళు!" అందరూ బకెట్లతో పరుగెత్తి నేలంతా తడిపేవాళ్ళు. చుట్టిన నూలు కండెలను సైతం అమ్మే ముందు తేమగదిలో పెట్టేవారు. దానికి వాళ్ళ మాట పదునుకు పెట్టడం. రైతు నేల పదును అంటాడే, అదే పదును. పదునెక్కిన నూలు చేతిలో బరువుగా, చల్లగా, నమ్మకంగా ఉంటుంది.

మిల్లు మూతపడ్డాక ఆ షెడ్డులో ఒక భాగాన్ని మణికంఠన్ అద్దెకు తీసుకున్నాడు. వాళ్ళ నాన్న కాలంలో బజారులో పాలిథీన్ కవర్ల కొట్టు. తమిళనాట కవర్లు నిషేధించాక ఆ కొట్టుకు తాళం పడింది. మణికంఠన్ మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ సంచుల మీద మనసు పెట్టాడు. ముఖ్యంగా మొక్కల నర్సరీలకు కావలసిన చిన్న సంచులు. మొక్కను సంచితోనే పాతేయొచ్చు. వేళ్ళు దాన్ని చీల్చుకుని పోతాయి, సంచి మెల్లగా నేలలో కలిసిపోతుంది. ఆ రకం ప్లాస్టిక్ గుళికలను కరిగించి, గాలి ఊది, నిలువెత్తు బుడగలా పైకి లాగి, చల్లార్చి చుట్టే యంత్రం ఒకటి పెట్టాడు. చుట్టే చోట నిలబడి చూసుకోవడానికి రాక్కమ్మాళ్‌ను పిలిచాడు. నూలు చుట్టడం చూసిన కళ్ళు దేన్నయినా చూడగలవని అతని నమ్మకం. ఆమె నమ్మకమూ అదే.

మొదట్లో ఆ సంచులు మెత్తగా వచ్చేవి. మన్ను నింపి నిలబెడితే, పళ్ళు ఊడిన ముసలాయన బుగ్గల్లా జారిపోయేవి. అప్పుడే భార్గవి వచ్చింది. జవుళి కొట్టు సుందరరాజన్ కూతురు, కోయంబత్తూరులో పాలిమర్ చదువు చదివింది. వస్తూనే గుళికల్లో పొడి మట్టి కలపాలంది. రాక్కమ్మాళ్ పకపకా నవ్వింది.

"బియ్యంలో రాళ్ళు కలిపేవాళ్ళను చూసినాను. ప్లాస్టిక్‌లో మన్ను కలిపేదాన్ని నిన్నే చూసినా పాపా. ఇది ఏ మన్ను? మా ఇంటి వెనక ఊరికే ఉండాది, కావాలంటే తెచ్చిస్తా."

"కచ్ సైడు నుంచి వస్తాదక్కా. కళిమణ్ణే, బంకమన్నే, కానీ మందు వేసి పదం చేసినది. అప్పళాల కట్ట తెలుసు గదా? ఈ మన్నులో ఒక్కో రవ్వా అట్లాంటి కట్ట. కరిగిన ప్లాస్టిక్ ఆ కట్ట లోపలికి దూరి ఒక్కో అప్పళాన్నీ విడదీసి పరిచిందంటే సంచి నిగిడి నిలబడతాది. విడదీయలేదనుకో, కట్ట కట్టగానే ఉండిపోతాది. అప్పుడు అది నువ్వు చెప్పిన బియ్యంలో రాయే. ఆడ నుంచే చిరగడం మొదలు."

"ఎంత వేస్తావు?"

"చాలా కొంచెం. ఎక్కువేస్తే గట్టిగా ఉంటాది గానీ సాగదు. లాగితే టప్పున పోతాది."

"నూలుకు గంజి మాదిరి చెప్పు."

భార్గవి ఆమె వైపు చూసింది. "ఆమా అక్కా. గంజి మాదిరే."

లోకమంతా మట్టిలో గడ్డి కలిపి గోడలు కట్టింది. నైలు ఒడ్డున, యూఫ్రటీసు ఒడ్డున, ఇక్కడి మంసాపురం పొలాల పక్కన, ఎక్కడ చూసినా అదే పని. మట్టి ఎండితే పగులుతుంది, గడ్డి ఆ పగులును ఆపుతుంది. ఈ పిల్ల తిరగేసి చేసింది. ఆ గుళికలు మొక్కజొన్న పిండి నుంచి పుట్టినవి కనక, ఒక రకంగా గడ్డిలో మట్టి కలిపినట్టే.

షెడ్డు మూల అద్దాల గదిలో భార్గవికి ఒక పరీక్ష యంత్రం ఉంది. సన్నటి ఫిల్మ్ ముక్కను రెండు దవడల మధ్య బిగించి లాగుతుంది. ఎంత బలానికి తెగింది, తెగేముందు ఎంత సాగింది అని తెర మీద గీత గీస్తుంది. రాక్కమ్మాళ్ ముందు తన వేళ్ళతో లాగి "ఇది మంచిది", "ఇది సరి లేదు" అనేది. తరువాత యంత్రం చెప్పేది. చాలాసార్లు ఇద్దరి మాటా ఒకటే అయ్యేది. అదే తరువాత కొంప ముంచింది.

రాక్కమ్మాళ్ తమ్ముడు కన్నుసామి మంసాపురం దగ్గర ఒక మామిడి తోపుకు కావలి. మీసం రాని వయసులో చేరి, మీసం నెరిసేదాకా అక్కడే. ఆ తోపులో ఒక ముసలి చెట్టు ఉండేది. దానికి జాతి పేరంటూ లేదు. పండు లోపల కుంకుమలా పండినా తొక్క పచ్చగానే ఉంటుంది కనక పచ్చచెట్టు అనేవారు. తెలియనివాళ్ళు కాయనుకుని వదిలేస్తారు, తెలిసినవాళ్ళు అడిగి మరీ తీసుకుపోతారు. రాక్కమ్మాళ్ మిల్లులో చేరిన ఏడాది ఆమె అన్నం మూటలో వాళ్ళమ్మ పెట్టింది ఆ పళ్ళే.

తోపు ప్లాట్ల వాళ్ళకు అమ్ముడుపోయింది. పాత యజమాని, పోతూ పోతూ, పెద్ద చెట్లను కలప వాళ్ళకు ఇచ్చేశాడు. రంపం రాకముందే కన్నుసామి పచ్చచెట్టు లేత కొమ్మలు కోసి, ఇసుకలో మొలిచిన మామిడి టెంకల మీద అంటు కట్టాడు. మర్నాడు చెట్టు కూలింది. ఇక ఆ చెట్టు ఎక్కడైనా ఉందంటే ఆ అంట్లలోనే.

"వీటికి మంచి సంచి కావాలక్కా," అన్నాడు. "వేరు కదలకూడదు. కదిలిందంటే అంటు విడిపోతాది. ఆడి మాసం దాకా ఈడ నీడలో ఉంచుతా. ఆడి పోయి ఆవణి పుట్టినాదంటే వాళ్ళు జేసీబీ తెస్తారు. అంతలోగా లేపి నా భార్య వాళ్ళ సెలకకు తీసకపోవాల."

ఆడి మాసంలో ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. పెళ్ళి లేదు, గృహప్రవేశం లేదు, పునాది లేదు. ప్లాట్ల వాళ్ళు సైతం ఆ ఒక్క నెల భయపడ్డారు. కన్నుసామికి దొరికిన గడువు ఆ భయమే.

"సంచుల సంగతి నాకు విడిచిపెట్టరా," అంది రాక్కమ్మాళ్. "నా చేత్తో లాగి చూసి తెస్తా."

ఆడికి ముందు, ఆని నెలలోనే గాలి మొదలైంది. పడమటి కొండల కనుమల్లోంచి దూకి, వాన అంతా కేరళకు పోసేసి, పొడి గాలి ఒక్కటే ఇటు తోలుకొస్తుంది. షెడ్డులో ఫిల్మ్ చుట్టుకుంటుంటే చిటపట నిప్పురవ్వల చప్పుడు. పొర పొరకు అంటుకుపోయి సంచి నోరు తెరుచుకోదు. చేయి పెడితే తేలు కుట్టినట్టు చురుక్కు. భార్గవి అప్పుడు కోయంబత్తూరులో ఉంది. సంచులు నేలలో ఎంత కాలానికి కలుస్తాయో అక్కడి పరీక్షశాలలో చూపించి కాగితం తేవాలి.

"ఏందక్కా ఇది, కరెంటు కొడతా ఉండాది?" అన్నాడు మణికంఠన్ చేయి విదిలించుకుంటూ.

రాక్కమ్మాళ్‌కు ఇది పాత చుట్టం. ఒక్క నిమిషం ఆలోచించలేదు.

"కాత్తు పొడిగా ఉండాది మొదలాళీ. ఈరం లేదు. నాకు విడిచిపెట్టండి."

నేలంతా తడిపింది. కిటికీలకు తడి గోనెలు కట్టింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండును. గుళికల సంచులు లోపల వెండి కాగితం వేసి గాలి చొరకుండా మూసి వస్తాయి. గుళికలు చేతికి ఎండు కందిపప్పులా గలగలమన్నాయి. పొడిబారిన సరుకు పొడిబారిన నూలుతో సమానం. రేపు వాడబోయే సంచుల మూతులన్నీ విప్పి, మీద తడి గోనె కప్పి, పదునుకు పెట్టింది. మట్టి పొడి డబ్బా మూత కూడా తెరిచింది.

మర్నాడు చిటపటలు లేవు. సంచులు నోళ్ళు తెరిచాయి. ఫిల్మ్ మునుపటికన్నా నిగిడి, చేతిలో పెళుసుగా చప్పుడు చేసింది. రాక్కమ్మాళ్ ముక్క కోసి బొటనవేళ్ళకు చుట్టి లాగింది. గట్టిగా ఉంది. వేళ్ళు మెచ్చుకున్నాయి. మణికంఠన్ అయితే కాఫీ తెప్పించి, "మా రాక్కక్క ఉండగా ఇంజనీరు ఎందుకు?" అన్నాడు. ఆ మాట చాలా రోజులు ఆమె చెవిలో తీయగా ఉంది. ఆ రోజు నుంచి మూతులు విప్పి తడి గోనె కప్పడం రోజూ పనైంది. ఆ సంచుల్లోంచి ఏరి ఏరి ఒక కట్ట తమ్ముడికి పంపింది.

ఆడి చివరి వారంలో ఫోను వచ్చింది. కన్నుసామి గొంతులో కోపం లేదు, అదే ఆమెను భయపెట్టింది.

"అక్కా, ఒకసారి వస్తావా? వచ్చి చూడు."

మంసాపురం బస్సు దిగి తోపులోకి నడిచింది. నరికిన మొదళ్ళ మధ్య, కొబ్బరాకు పందిరి కింద సంచులు వరసలు తీరి ఉన్నాయి. అంట్లకు లేత రాగి రంగు ఆకులు వచ్చాయి. పందిరి బయట కొన్ని ఆకులు వాడి నేల మీద పడి ఉన్నాయి.

"లేపి చూస్తామని పట్టుకున్నా," అన్నాడు కన్నుసామి. ఒక సంచిని రెండు చేతులతో పట్టి చూపించాడు. వేలెడు ఎత్తు లేవకముందే అడుగు టప్పున విచ్చుకుంది. సాగలేదు, జారలేదు. గాజు పగిలినట్టు పగిలింది. మన్ను రాలింది, తెల్లటి లేత వేళ్ళు గాలికి వేలాడాయి, అంటు కట్టిన చోట కట్టు పక్కకు తిరిగింది. కన్నుసామి దాన్ని చంటిబిడ్డను దించినట్టు దించాడు.

"ఏమిరా ఇది?"

"నన్ను అడుగుతావా? ప్లాస్టిక్‌లో మన్ను కలిపినారంట గదా మీ మొదలాళి. లాభానికి కలిపినాడు. మన్ను మన్నుకే పోయినాది."

ఆమె చిరిగిన ముక్క తీసుకుని బొటనవేళ్ళకు చుట్టింది. లాగింది. గట్టిగా ఉంది, గట్టిగా ఉంది, ఒక్కసారిగా లేదు. చప్పుడు వినడానికి తల వంచేలోపే అయిపోయింది. ఆ గట్టితనాన్నే కదా ఇన్నాళ్ళూ బలం అనుకుంది. చేతికి ఆనేది సంచి ఎంత నిగిడి ఉందో మాత్రమే. పోబోయే ముందు అది ఎంత దూరం సాగి నిలబడుతుందో చేతికి ఆనదు. నూలులో ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. అందుకే జీవితమంతా ఆమెకు వాటిని విడదీయాల్సిన అవసరం రాలేదు.

ఆ ముక్కనూ, మరికొన్ని చిరిగిన సంచులనూ కొంగులో కట్టుకుని షెడ్డుకు వచ్చింది. భార్గవి ఆ పొద్దునే కోయంబత్తూరు నుంచి తిరిగి వచ్చింది. ముక్కలు కోసి యంత్రం దవడల్లో బిగించింది. తెర మీద గీత నిటారుగా లేచి, మొదట్లోనే ఆగిపోయింది. పాత ఫిల్మ్ గీత పక్కన పెట్టి చూపింది. అది లేచి, వంగి, చాలా దూరం పోయింది. తరువాత ఫిల్మ్‌ను వెలుగుకు పట్టింది. అక్కడక్కడా ఇసుక రవ్వల్లా చుక్కలు.

మణికంఠన్ వచ్చి వెనక నిలబడ్డాడు. "నేను అప్పుడే చెప్పినాను. ఈ మన్ను యాపారం వద్దని. కన్నుసామే కాదు, ఇంకో నర్సరీ వాడు కూడా ఫోన్ చేసినాడు. రేపటి నుంచి మన్ను ఆపేద్దాం. నువ్వు కూడా ఆలోచించుకోమ్మా భార్గవి. ఇంత చిన్న కంపెనీకి ఇంత పెద్ద చదువు అవసరమా అని."

భార్గవి ముఖం ఎర్రబడింది. కానీ జవాబు అతనికి చెప్పలేదు. రాక్కమ్మాళ్ వైపు తిరిగింది.

"అక్కా, ఇది మన్ను తప్పు కాదు. గుళికలకు ఈరం పట్టినాది. ఈరంతో కరిగించినామంటే లోపల పొడుగు గొలుసులన్నీ తునకలైపోతాయి. ఆరబెట్టే మిషిను ఉండాది గానీ, అది కొత్తగా తెరిచిన సంచికే చాలుతాది. ఇది బాగా నానినట్టు ఉండాది. మన్ను కూడా ముద్ద కట్టినాది. కప్పు కారిందా? నేను లేనప్పుడు వాన పడిందా?"

రాక్కమ్మాళ్ ముఖం వికసించింది. అప్పటికీ ఆమెకు తెలియలేదు.

"వాన ఎందుకు పడాల పాపా? నేనే ఈరం పెట్టినాను. కరెంటు కొడతా ఉండె. మూతులు విప్పి పదునుకు పెట్టినా. మొదలాళిని అడుగు, మరుసటి రోజే అంతా సరి అయినాది."

బుడగ ఊదే యంత్రం ఒక్కటే ఊపిరి తీస్తోంది. భార్గవి కళ్ళు దించుకుంది. మణికంఠన్ తాను తెప్పించిన కాఫీ గుర్తొచ్చిందేమో, గోడ వైపు చూశాడు. ఆ కళ్ళు దించుకోవడంలోనే రాక్కమ్మాళ్‌కు సంగతి అర్థమైంది. ఆమె వెళ్ళి గుళికల సంచుల దగ్గర నిలబడింది. తడి గోనెలు ఒక్కొక్కటే తీసింది. తీసిన గోనెలను ఎక్కడ పెట్టాలో చేతులకు తెలియడం లేదు.

"మిల్లులో అట్లనే చేస్తుంటిమి," అంది చివరికి, ఎవరికి చెబుతోందో తనకే తెలియకుండా.

"నూలుకు అది సరే అక్కా," అంది భార్గవి మెల్లగా. "దీనికి నీళ్ళే పగ. నేను చెప్పి పోవాల్సింది. చెప్పాలని తోచనే లేదు."

మణికంఠన్ గొంతు సవరించుకుని, "సరి, అయినాది అయిపోయినాది," అని బయటికి పోయాడు. మన్ను ఆపుతానన్న మాటను వెనక్కి తీసుకున్నాడో లేదో చెప్పలేదు. మనుషులు కొందరు తమ తప్పు మాటను అలా గాలికి వదిలేస్తారు, దానంతట అదే ఆరిపోతుందని.

రాక్కమ్మాళ్‌కు అతని సంగతి పట్టలేదు. ఆమె కళ్ళ ముందు పందిరి కింద వరసలు. లేపితే పగిలే సంచుల్లో, కదిలితే విడిపోయే అంట్లు. ఎల్లుండి ఆవణి. కొత్త సంచుల్లోకి మార్చుదామా అంటే, మార్చడానికి ముందు లేపాలి. లేపకుండానే ఉన్నచోటే పట్టుకోవాలి. విరిగిన కాలును ఎలా పట్టుకుంటారు?

అలా తోచింది. రాజపాళయంలో ఏ వీధిలో నిలబడినా మగ్గం చప్పుడు వినిపిస్తుంది. నేసేది చీరలు కాదు, ఆసుపత్రి గాయాలకు కట్టే పలచటి తెల్ల గుడ్డ. దేశంలో ఎక్కడెక్కడి మోకాళ్ళనో ఈ ఊరి నూలు పట్టుకుని ఉంటుంది. పక్క వీధి మగ్గాల షెడ్డులో నేత తప్పిన చుట్టలు ఒక మూల పడేసి ఉంటాయి. వాటిలో రెండు చుట్టలు అడిగి తెచ్చుకుంది. మర్నాడు తెల్లవారకముందే భార్గవి వాటిని తన స్కూటరు ముందు పెట్టుకుని, "ఎక్కు అక్కా, నేనూ వస్తా," అంది.

ఆడి ఆఖరి రోజు పొద్దున్నే తోపు చేరారు. కన్నుసామి చుట్టలు చూసి, "ఏమక్కా, మాంచెట్టుకు కాలు విరిగినాదా?" అన్నాడు. నవ్వలేదు.

రాక్కమ్మాళ్ బకెట్‌లో గుడ్డ తడిపి పిండింది. సంచిని అరచేత్తో ఓ వెంట్రుకవాసి వంచి, అడుగు కింద గుడ్డ దూర్చి, పైకి తెచ్చి, చుట్టూ తిప్పి ముడి వేసింది. మిల్లు ముడి, కనిపించనంత చిన్నది. తరువాత రెండు చేతులతో ఎత్తింది. సంచి లోపల ఎక్కడో టప్పుమంది. గుడ్డ పట్టుకుంది. మొక్క కదలలేదు.

"తడిగుడ్డ ఎందుకు?" అన్నాడు కన్నుసామి.

"పత్తి తడిస్తే బలం."

భార్గవి కట్టినవి చీరకట్టు రానివాళ్ళ కుచ్చిళ్ళలా ఊడిపోతుంటే రాక్కమ్మాళ్ విప్పి మళ్ళీ కట్టింది. "పాపా, నువ్వు నీళ్ళు మోయి చాలు." ఆ పిల్ల బకెట్ అందుకుంది.

సగం వరస అయ్యాక కన్నుసామి మళ్ళీ మొదలుపెట్టాడు. "మీ మొదలాళికి మన్ను తినిపించాల. వాడు కలిపిన మన్నే."

ఆ మాట అలా ఉండనిచ్చి ఉంటే సరిపోయేది. భార్గవి తలెత్తలేదు; ఆమె చెప్పదని రాక్కమ్మాళ్‌కు తెలుసు. మణికంఠన్ ఎలాగూ ఇటు రాడు. తమ్ముడి కోపం దాని దారిన అది పోయేది.

"మన్ను కాదురా," అంది ముడి వేస్తూనే. "నేను. గుళికలకు నీళ్ళు పట్టించింది నేను. నూలు అనుకొని పదునుకు పెట్టినాను. నీకిచ్చిన సంచులు నా చేత్తో లాగి చూసే పంపినా. మంచివే అనుకున్నా."

కన్నుసామి చేతిలో గుడ్డ ఆగింది. గాలి కొబ్బరాకుల పందిరిని లేపి పడేసింది. ఎక్కడో రోడ్డు మీద లారీ హారను.

"నీళ్ళు పోసేటప్పుడు మొక్క అనుకొని పోసినావేమో," అన్నాడు చివరికి. అది తిట్టో, ఎగతాళో, మన్నింపో ఆమెకు తెలియలేదు. అతనికీ తెలిసినట్టు లేదు. తిరిగి కట్టడం మొదలుపెట్టాడు. ఆ తరువాత పొద్దు నెత్తి మీదికి వచ్చి దిగేదాకా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. కావలసినప్పుడు చేయి చాచేవాడు. ఆమె గుడ్డ అందించేది.

అన్నీ నిలబడలేదు. కొన్ని గుడ్డ దూర్చేలోపే విచ్చుకున్నాయి. కొన్ని కట్టుతో సహా లేచి, గూడ్సు ఆటోలోకి ఎక్కించేటప్పుడు ఒరిగిపోయాయి. కొన్నింటి అంటు ఎప్పుడో విడిపోయి ఉంది, ఆకులు పచ్చగా ఉండడంతో తెలియలేదంతే. కన్నుసామి వాటిని తీసి, పచ్చచెట్టు మొదలు దగ్గర, రంపపు పొట్టు మీద వరసగా పెట్టాడు. పారేయలేదు.

మిగిలినవి తెల్లటి కట్లతో సెలకలో వేపచెట్టు నీడన దిగాయి. దూరం నుంచి చూస్తే ఆసుపత్రి వరండాలా ఉంది. గుంటలు తీసి, కట్లతోనే పాతారు. గుడ్డ నేలలో కుళ్ళుతుంది, సంచి కూడా కలుస్తుంది. వేళ్ళకు అడ్డం ఉండదు. కీడేదైనా ఉంటే అది ఇప్పటికే జరిగిపోయి ఉంటుంది, కంటికి కనిపించని చోట, కొమ్మకూ టెంక మొక్కకూ మధ్య.

"పడతాదా?" అంది రాక్కమ్మాళ్. స్కూటరెక్కే ముందు, ఆగలేక.

"కార్తిగ వానలు దాటినాయంటే తెలుస్తాది," అన్నాడు కన్నుసామి, మొక్కలకేసి చూస్తూ. "అప్పటిదాకా నువ్వు వచ్చి తొంగి చూడొద్దక్కా. లాగి చూస్తావు."

ఆవణి మొదటి తేదీన తోపులో జేసీబీ దిగిందని షేర్ ఆటోలో ఎవరో అనుకుంటుంటే విన్నది. దిగే చోటు ఇంకా రాకముందే దిగి, మిగతా దూరం నడిచింది.

షెడ్డులో గాలి ఆగలేదు. భార్గవి ఇంకా ఉంది. మట్టి కూడా ఉంది. గుళికల సంచుల మూతులకు ఇప్పుడు టేపు, ఆ పక్కన ఆరబెట్టే యంత్రం నుంచి వెచ్చటి గాలి. నిప్పురవ్వలను తీసే కడ్డీ ఒకటి కోయంబత్తూరు నుంచి తెప్పిస్తానన్నాడు మణికంఠన్. ఇంకా రాలేదు. ఫిల్మ్ చిటపటమంటూ చుట్టుకుంటోంది, పొర పొరకు అంటుకుంటోంది. నీళ్ళ బకెట్‌ను రాక్కమ్మాళ్ తానే తీసుకుపోయి గేటు బయట పెట్టింది.

అంటుకున్న సంచులను ఒక్కొక్కటే వేళ్ళతో విడదీస్తోంది. విడదీసినప్పుడల్లా చురుక్కు. చేయి వెనక్కి తీసుకోదు. నడుమ ఒకసారి బొటనవేళ్ళు వాటంతట అవే ఒక ముక్కను చుట్టుకున్నాయి. లాగబోయి ఆగింది. విప్పి, నలగకుండా మడిచి, అద్దాల గది కిటికీలోంచి భార్గవికి అందించింది.

"చూసి చెప్పు పాపా," అంది. "నాకు గట్టిగానే ఉండాది."